జాతీయ రహదారి విస్తరణ – పాల సంఘాలు గమనించవలసిన విషయాలు

ఇచ్ఛాపురం మొదలు తడ వరకు మన కోస్తా జిల్లాలను కలుపుతూ పోయే రహదారిని పెద్దవారు ఇప్పటికీ జి.ఎన్.టి. రోడ్డు అంటారు. మద్రాసును కలకత్తాతో కలిపిన గ్రేట్ నార్తర్న్ ట్రంకు రోడ్డు అనే పేరుకు అది పొట్టి రూపం. తరువాత అదే 5వ నంబరు జాతీయ రహదారి అయినది. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు దీనికి 16వ నంబరు వచ్చినది. మన రాష్ట్రంలో దీని పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. 1999లో మొదలైన స్వర్ణ చతుర్భుజి పథకం క్రింద ఇది నాలుగు వరుసల రోడ్డుగా మారినది. ఆ తరువాత చిలకలూరిపేట – విజయవాడ, చిలకలూరిపేట – నెల్లూరు, ఆనందపురం – పెందుర్తి – అనకాపల్లి వంటి భాగాలను ఒక్కొక్కటిగా ఆరు వరుసలు చేస్తూ వచ్చారు. ఊళ్ళ వద్ద ఫ్లై ఓవర్లు, అండర్‌పాసులు, పట్టణాలకు బైపాసులు, నదుల మీద కొత్త వంతెనలు ఈ పనిలో భాగమే.

రోడ్డు బాగుపడితే పాలు త్వరగా చేరతాయి గదా, ఇందులో సంఘం ఆలోచించవలసినది ఏమున్నదని సభ్యులు అడగవచ్చు. రోడ్డు వెంట పోయే పాలకు విస్తరణ వలన మేలే. రోడ్డు దాటవలసిన పాలకు మాత్రం అది కష్టం తెచ్చిపెట్టవచ్చు. ట్యాంకరు రోడ్డు వెంట పోతుంది, సభ్యుడు రోడ్డు దాటుతాడు. ఈ రెండింటికీ తగిన ఏర్పాటు నక్షాలోనే ఉండాలి. రోడ్డు వేసిన తరువాత అడగడం ఇల్లు కాలాక బావి తవ్వినట్లే అవుతుంది.

పాలకు కాలం ముఖ్యం

పిండిన పాలు వెచ్చగా ఉంటాయి. అందులో చేరిన సూక్ష్మక్రిములకు ఆ వెచ్చదనం అనుకూలం. కొన్ని జాతుల క్రిములు అటువంటి వేడిలో అరగంటకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన రెండు గంటలలో ఒకటి పదహారు, మూడు గంటలలో అరవై నాలుగు అవుతుంది. పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిస్తే ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. అందుకే పిండినది మొదలు శీతలీకరణ కేంద్రానికి లేదా ఊళ్ళోని బల్కు కూలరుకు చేరే వరకు పట్టే కాలాన్ని మూడు, నాలుగు గంటలకు మించనీయకూడదని చెబుతూ ఉంటాము. ఎండకాలంలో అది కూడా ఎక్కువే.

ఆలస్యమైన పాలు కాచినప్పుడు విరిగిపోతాయి. విరగకపోయినా మిథిలీన్ బ్లూ పరీక్షలో రంగు త్వరగా పోయి నాణ్యత తక్కువని తేలుతుంది. సంఘం వద్ద వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత బాగా వచ్చినా పాలు పులిస్తే ఆ క్యాను తిరిగి రాక తప్పదు. కాబట్టి రోడ్డు మీద పోయే ప్రతి అరగంటకూ పాల బిల్లులో ధర ఉన్నదని గుర్తుంచుకోవాలి.

దాటే దారి మూసుకుపోతే

ఉదాహరణకు ఒక గ్రామాన్ని తీసుకుందాము. రహదారి ఊరి మధ్యగా పోతున్నది. సంఘం కార్యాలయం తూర్పున, 60 మంది సభ్యుల ఇళ్ళు పడమర ఉన్నవి. ఇంతకాలం డివైడరులో సందు ఉండేది. పడమటి వారు క్యాను పట్టుకొని సూటిగా దాటేవారు. విస్తరణలో ఆ సందు మూసివేశారు. వెనుదిరిగే చోటు 1.5 కి.మీ. దూరంలో ఉన్నదనుకొందాము. సంఘానికి వచ్చేటప్పుడు అక్కడి దాకా పోయి మరల వెనుకకు రావడానికి 3 కి.మీ. అదనం. ఇంటికి తిరిగి పోయేటప్పుడు ఇంకొక 3 కి.మీ. పూటకు 6, రెండు పూటలకు 12 కి.మీ. అరవై మందికి రోజుకు 720, నెలకు 21,600 కి.మీ. నడకో, సైకిలో, పెట్రోలో ఆ భారం అంతా సభ్యులదే.

ఈ లెక్క కాగితం మీద ఇలా ఉన్నా ఆచరణలో రెండు పనులు జరుగుతాయి. కొందరు సంఘానికి పాలు పోయడం మాని, ఇంటి ముందుకు వచ్చే ప్రైవేటు కొనుగోలుదారుకు ఇస్తారు. మరికొందరు క్యాన్లతో ఎదురు దారిలో బండి నడుపుతారు లేదా డివైడరు ఎక్కి దాటుతారు. మొదటిది సంఘానికి నష్టం. రెండవది ప్రాణానికే అపాయం. తెల్లవారుజామున 5 గంటలకు, మంచు పట్టిన రోజుల్లో, నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ డ్రైవరుకు చీకటిలో క్యాను మోసుకొని వచ్చే మనిషి కనబడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. రోజుకు రెండుసార్లు తప్పనిసరిగా రోడ్డు దాటవలసిన వృత్తి మనది. ఈ మాట నక్షా గీసేవారికి మనం చెబితేనే తెలుస్తుంది.

ఏ నిర్మాణం ఎందుకు?

సభ్యులు నక్షా చూచినప్పుడు అందులోని మాటలు అర్థం కావాలి గనుక వాటిని క్లుప్తంగా వివరిస్తున్నాము.

ఇంటర్‌ఛేంజి అంటే రెండు పెద్ద రోడ్లు కలిసే చోట ఒకదానిని రెండవదాని మీదుగా పంపి, ఎక్కడానికి, దిగడానికి వంపు తిరిగే ర్యాంపులు ఏర్పాటు చేయడం. వాహనాలు ఎదురుబొదురు కాకుండా ఒక రోడ్డు నుంచి మరొక రోడ్డుకు మారుతాయి. దీనికి భూమి ఎక్కువ పడుతుంది. బైపాసు మొదలయ్యే చోట, రెండు జాతీయ రహదారులు కలిసే చోట ఇటువంటివి వస్తాయి. ఇది ప్రధానంగా దూర ప్రయాణపు వాహనాల సౌకర్యం కొరకు. మన సభ్యునికి దీనివలన ప్రత్యక్షంగా ఒరిగేది తక్కువ, దీని క్రింద పోయే భూమి మాత్రం ఎక్కువ.

అండర్‌పాసు అంటే రహదారిని కట్ట మీద ఎత్తి, దాని క్రింద ఊరి దారి పోనిచ్చే నిర్మాణం. పల్లెకు అసలైన దాటే దారి ఇదే. ఇందులో తరగతులున్నవి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2019 ప్రమాణాలలో పెద్ద వాహనాల అండర్‌పాసు ఎత్తు 5.5 మీటర్లు, తేలిక వాహనాలది 4 మీటర్లు. గడ్డి మోపు ఎత్తుగా వేసిన ట్రాక్టరు, పాల ట్యాంకరు వెళ్ళవలసిన చోట చిన్న తరగతి అండర్‌పాసు సరిపోదు. నక్షాలో "అండర్‌పాసు" అన్న మాట చూసి తృప్తి పడక దాని ఎత్తు, వెడల్పు కూడా అడగాలి.

సర్వీసు రోడ్డు అంటే రహదారికి పక్కగా, స్థానికుల రాకపోకలకు వేసే చిన్న రోడ్డు. అండర్‌పాసు వరకు పోవడానికి సర్వీసు రోడ్డు తెగకుండా ఉండాలి. కాలువ వద్దనో, చిన్న వంతెన వద్దనో సర్వీసు రోడ్డు ఆగిపోతే వాహనం మళ్ళీ ప్రధాన రహదారి ఎక్కక తప్పదు. అటువంటి చోటనే ఎదురు దారి ప్రయాణాలు మొదలవుతాయి.

వంతెనలు, తూములు

ఈ రహదారికి పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం. కొండల మీద పడిన వాన నీరు సముద్రానికి చేరవలెనంటే ఈ రోడ్డును దాటక తప్పదు. అందుచేతనే దీని మీద ఇన్ని వంతెనలు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార, నాగావళి, సిద్ధాంతం వద్ద వశిష్ఠ గోదావరి, రావులపాలెం – జొన్నాడల మధ్య గౌతమి, విజయవాడలో కృష్ణ, నెల్లూరులో పెన్న. రాజమండ్రి – కొవ్వూరుల మధ్య 1974లో రైలు – రోడ్డు వంతెన, 2015లో నాలుగు కిలోమీటర్లకు పైబడిన మరొక రోడ్డు వంతెన వచ్చినవి. విజయవాడకు పడమటగా చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ వరకు చేపట్టిన బైపాసులో కృష్ణ మీద ఇంకొక పెద్ద వంతెన ఉన్నది.

పెద్ద నదులను ఇంజనీర్లు మరచిపోరు. వారి దృష్టికి తప్పిపోగలిగేవి ఊరి వాగులు, పంట కాలువలు, ఏడాదిలో పదిరోజులు మాత్రమే పారే పల్లపు దారులు. రోడ్డును ఎత్తు చేసి వెడల్పు చేస్తే అది ఒక కట్ట వంటిది. తూములు చాలకపోతే పడమటి వైపు పొలాలు, పశువుల పాకలు మునుగుతాయి. పచ్చిమేత కుళ్ళుతుంది. గడ్డివాములు తడుస్తాయి. పశువులకు పొదుగువాపు, గిట్టల జబ్బులు వస్తాయి.

వరద రహదారినే తెంచిన సందర్భం కూడా మనకు తెలుసు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో నెల్లూరు సమీపాన పడుగుపాడు వద్ద రైలు మార్గం కొట్టుకుపోయినది, ఆ ప్రాంతంలోనే జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయినవి. ట్యాంకరు ఒక పూట రాకపోతే బల్కు కూలరు నిండిపోతుంది. రెండవ పూట పాలు పట్టే చోటు ఉండదు. కనుక తూముల సంగతి కూడా సంఘానికి సంబంధించినదే. పాతకాలపు వానలలో నీరు ఎంత ఎత్తు వచ్చినదో ఊరి పెద్దలకు తెలుసు. ఆ గుర్తులను సర్వే వారికి చూపించాలి. అండర్‌పాసులో వాన నీరు నిలవకుండా మురుగుకాలువ కూడా అడగాలి. మోకాలి లోతు నీరు నిలిచే అండర్‌పాసు వానాకాలమంతా మూసిన దారితో సమానం.

ఏ దశలో అడగాలి?

విస్తరణ పని ఒక్కరోజున రాదు. మొదట సర్వే వారు వచ్చి వాహనాలు లెక్కపెడతారు, కొలతలు తీస్తారు. దాని మీద సమగ్ర పథకం, అనగా డి.పి.ఆర్., తయారవుతుంది. అండర్‌పాసు ఎక్కడ, తూము ఎక్కడ అన్నది ఆ దశలోనే తేలుతుంది. అప్పుడు అడిగితే కాగితం మీద ఒక గీత మారితే చాలు. కాంట్రాక్టు ఇచ్చిన తరువాత అడిగితే పని పరిధి మార్చాలి, ఖర్చు పెంచాలి, పై వారి ఆమోదం రావాలి. రోడ్డు పూర్తయిన తరువాత అడిగితే సంవత్సరాలు పట్టవచ్చు.

అందువలన సర్వే జెండాలు కనబడిన వారంలోనే పాలకవర్గం సమావేశమై ఈ లెక్కలు తీయాలి: రోడ్డుకు ఆ వైపు సభ్యులు ఎందరు, రెండు పూటలా వచ్చే పాలు ఎన్ని లీటర్లు, దాటే పశువులు ఎన్ని, మేత భూములు ఏ వైపు, చెరువు ఏ వైపు, ట్యాంకరు ఏ దారిన వస్తుంది, బడి పిల్లలు ఎందరు దాటుతారు. దీనికి ఒక చేతి నక్షా జతచేసి, తీర్మానం వ్రాసి, ప్రతులను జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, జిల్లా కలెక్టరుకు, గ్రామ పంచాయతీకి పంపాలి. అందినట్లు రసీదు తీసుకోవాలి. పంచాయతీ, పాల సంఘం, ఊళ్ళో ఉంటే వ్యవసాయ పరపతి సంఘం కలిసి ఒకే చోట అండర్‌పాసు అడిగితే బలం ఉంటుంది. ఒకే ఊరివారు మూడు చోట్ల మూడు అడిగితే ఏదీ రాకపోవచ్చు.

నోటిమాట నీటి మూట. మినిట్సు పుస్తకంలో లేని కోరిక తరువాత ఎవరికీ గుర్తుండదు.

భూమి పోయే సభ్యులకు

జాతీయ రహదారులకు భూమిని 1956 నాటి జాతీయ రహదారుల చట్టం క్రింద తీసుకుంటారు. అందులో 1997లో చేర్చిన సెక్షన్లు సభ్యులు తెలుసుకోవలసినవి.

సెక్షన్ 3ఎ క్రింద భూమి తీసుకొనే ఉద్దేశాన్ని గెజిట్‌లో ప్రకటిస్తారు. దాని సారాంశం రెండు స్థానిక పత్రికలలో రావాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. సెక్షన్ 3సి ప్రకారం అభ్యంతరాలు తెలపడానికి గడువు 21 రోజులు. చట్టంలోని మాట ప్రకారం ఈ గడువు గెజిట్ ప్రకటన తేదీ నుంచి లెక్క. పత్రిక మనకు కనబడిన రోజు నుంచి లెక్క వేసుకొని కూర్చోకూడదు. అభ్యంతరం వ్రాతపూర్వకంగా, కారణాలతో ఉండాలి. అధికారి విచారణ జరిపి ఉత్తర్వు ఇస్తారు. తరువాత సెక్షన్ 3డి ప్రకటన వెలువడితే ఆ భూమి ప్రభుత్వపరమవుతుంది. 3ఎ ప్రకటన తరువాత ఒక సంవత్సరంలోపు 3డి ప్రకటన రాకపోతే మొదటి ప్రకటన చెల్లదు.

నష్టపరిహారం సెక్షన్ 3జి క్రింద నిర్ణయిస్తారు. 2015 జనవరి 1 నుంచి, 2013 నాటి భూసేకరణ చట్టంలోని పరిహారపు లెక్కలు దీనికి వర్తిస్తున్నవి. దాని ప్రకారం మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతాలలో 1 నుంచి 2 మధ్య ప్రభుత్వం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. దానికి చెట్లు, బావి, పాక వంటి వాటి విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి సమానమైన సొమ్మును సొలేషియంగా చేరుస్తారు. ఉదాహరణకు ఒక ఎకరం విలువ 10 లక్షలు, గుణకం 1.25 అనుకొంటే 12.5 లక్షలు. బోరు, చెట్లు, పశువుల కొట్టం కలిసి 1.5 లక్షలు. మొత్తం 14 లక్షలు. సొలేషియం మరొక 14 లక్షలు. వెరసి 28 లక్షలు. దీనిపై మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనపు సొమ్ము చట్టంలో చెప్పిన కాలానికి కలుస్తుంది.

ఇక్కడ మూడు విషయాలు గమనించవలెను. మొదటిది, కొట్టం, మేత తొట్టి, బోరు, నీటి తొట్టి, పండ్ల చెట్లు కొలతలలో నమోదు కాకపోతే వాటికి పరిహారం రాదు. కొలతలు తీసే రోజున యజమాని దగ్గర ఉండాలి. రెండవది, పొలం రెండు ముక్కలై మిగిలిన ముక్కకు దారి, నీరు తెగితే ఆ నష్టాన్ని కూడా కోరే వీలు 3జి సెక్షన్‌లో ఉన్నది. నివాసం, వ్యాపార స్థలం మార్చుకొనే ఖర్చును కూడా కోరవచ్చును. మూడవది, పట్టాదారు పాసు పుస్తకం, 1-బి, అడంగల్‌లలో పేరు ఎవరిదో సొమ్ము వారికి పోతుంది. తండ్రి పేరున ఉండిపోయిన భూములను వారసులు ముందే సరిచేయించుకోవాలి. నిర్ణయించిన మొత్తం చాలదని తోస్తే మధ్యవర్తి వద్దకు పోయే హక్కు ఇరుపక్షాలకూ ఉన్నది. సొమ్ము తీసుకొనేటప్పుడు అభ్యంతరంతో తీసుకొంటున్నట్లు వ్రాసి ఉంచడం మంచిది.

సంఘం భవనమే పోయే సందర్భంలో పాలకవర్గం బాధ్యత ఇంకా ఎక్కువ. స్థలం దస్తావేజు సంఘం పేరున ఉన్నదా, దాత నోటిమాటగా ఇచ్చినదా, పోరంబోకు మీద ఉన్నదా అన్నది ముందు తేల్చుకోవాలి. వచ్చే పరిహారం సంఘం ఖాతాలోనే జమ కావాలి. దానిని వేరుగా చూపి, సర్వసభ్య సమావేశం తీర్మానంతో కొత్త భవనానికి మాత్రమే వాడాలి. బోనసుకు, ఇతర ఖర్చులకు పంచివేస్తే తరువాత పాలు కొలిచే చోటు ఉండదు.

రోడ్డు పూర్తయిన తరువాత

అండర్‌పాసు దూరమైన చోట ఆ వైపు సభ్యులను సంఘానికి రప్పించే బదులు సంఘమే ఆ వైపునకు పోవచ్చు. పూటకు గంటసేపు పనిచేసే ఉప సేకరణ కేంద్రం, ఒక పరీక్షా యంత్రం, ఒక సహాయకుడు ఉంటే చాలు. దానికయ్యే ఖర్చును, ఆ వైపు నుంచి తగ్గిపోయే పాల మీద పోయే కమిషనుతో పోల్చి నిర్ణయించాలి. లేదా అటువైపు క్యాన్లన్నీ ఒకే బండిపై అండర్‌పాసు గుండా తెచ్చే ఏర్పాటు చేయాలి. కొత్త దారికి ఎక్కువ కాలం పడితే సేకరణ వేళ ముందుకు జరపాలి. పాత వేళే ఉంచితే కార్యదర్శి తలుపు మూస్తాడన్న తొందరలో సభ్యుడు డివైడరు ఎక్కుతాడు.

రహదారి హద్దులో గడ్డివాము వేయడం, పేడకుప్ప పోయడం, పశువులను కట్టడం మానాలి. 2002 నాటి చట్టం రహదారి భూమిలోని ఆక్రమణలను తొలగించే అధికారం ఇచ్చినది. అంతకన్న ముఖ్యంగా, తాడు తెంచుకొన్న ఒక గేదె రోడ్డెక్కితే పశువూ పోతుంది, బండిలోని మనిషీ పోవచ్చు. రోడ్డు పక్క పాకలకు కంచె వేయించాలి. పశువులకు బీమా ఉన్నదో లేదో ఏటా సరిచూడాలి. వేకువన క్యాన్లతో వచ్చే సైకిళ్ళకు, మోటారు సైకిళ్ళకు వెనుక మెరిసే పట్టీలు అంటించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. సంఘం సంక్షేమ నిధి నుంచి దానిని భరించవచ్చును.

ఈ సంచిక అందిన తరువాత జరిగే పాలకవర్గ సమావేశంలో, రహదారికి పక్కనున్న ప్రతి సంఘమూ ఈ విషయాన్ని చర్చకు పెట్టవలెనని కోరుతున్నాము. రోడ్డుకు ఆ వైపు సభ్యుల జాబితా, పాల లెక్క, దాటే దారి నక్షా తయారుచేసి దస్త్రంలో ఉంచితే సర్వే వారు ఎప్పుడు వచ్చినా చేతికి ఇవ్వవచ్చును. తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలతో పాటు ఆ దస్త్రాన్ని కూడా చూస్తాము.